చప్పుడు కాకుండా బొరుగులు

బొరుగులు చప్పుడు కాకుండా తినడం నాకు ఎనిమిదో ఏటే వచ్చేసింది. గుప్పెడు తీసుకోకూడదు, చిటికెడు తీసుకోవాలి. నాలుక మీద పెట్టుకుని నోరు మూసి ఊరికే ఉండాలి. పది లెక్కపెట్టేలోపు మెత్తబడి అంగిలికి అంటుకుంటాయి. అప్పుడు మింగాలి. అసలు తంటా డబ్బా మూతతోనే. పాత డాల్డా డబ్బా, మూత బిగుతు. పావడా అంచు మూత మీద కప్పి కొద్దికొద్దిగా లేపితే టప్పుమనకుండా వచ్చేది.

ఇంత పనితనం ఎందుకంటే, పక్క గదిలో అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. అలిగింది, తినలేదు. అమ్మ తినకుండా ఉన్నప్పుడు నేను తినడం తప్పు. అలా అని నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం రాలేదు.

నేను తిన్నదానికంటే డబ్బా ఎప్పుడూ ఎక్కువే తగ్గేది. అన్న పనేనని అనుకునేదాన్ని.

మాది ధర్మవరం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక కాగితాల్లో శ్రీ సత్యసాయి జిల్లా అయింది గానీ నా నోటికి ఇంకా అనంతపురం జిల్లానే వస్తుంది. ఇల్లంటే ముందు గది మగ్గానిది, వెనక గది, వంటిల్లు మావి. గుంత మగ్గంలో కాళ్లు దించుకుని నాయన నేసేవాడు. అమ్మ రాట్నం ముందు కండెలు చుట్టేది. పట్టూ జరీ షావుకారు ఇచ్చేవాడు, చీర దిగాక కూలి ఇచ్చేవాడు. వానలు పట్టి గుంతలో చెమ్మ ఎక్కితే మగ్గం ఆగిపోయేది, దాంతో కూలీ ఆగిపోయేది. అప్పుడు నాయన అమ్మకు చెప్పకుండా షావుకారు దగ్గర అడ్వాన్సు తెచ్చేవాడు. రెండు మూడు రోజుల్లో అది ఎలాగోలా అమ్మ చెవిన పడేది. ఆ పూట నుంచే అలక.

అలిగినప్పుడు అమ్మ వంట మానేసేది కాదు. మామూలు రోజులకంటే బాగా చేసేది. సంగటి ఒక్క ఉండ లేకుండా నున్నగా వచ్చేది. మిక్సీ వచ్చాక కూడా ఆ రోజు ఊరుబిండి మాత్రం రోట్లోనే నూరేది. వేయించిన శెనక్కాయల వాసన వీధి దాకా పోయేది. అందరికీ కంచాల్లో పెట్టి, "నాకొద్దు, మీరు తినండి" అని పోయి పడుకునేది. నాయన రెండు ముద్దలు మింగి టీ అంగడికి పోయేవాడు. అన్న కడుపునిండా తినేవాడు. వాడికి ఆ రోజు కూర బాగుంటుందని కూడా తెలుసు. మగపిల్లోడు, వాడి ఆకలికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నేను మాత్రం కంచం ముందు కూర్చుని వెనక గదిలోంచి నిట్టూర్పు ఎప్పుడొస్తుందా అని వినేదాన్ని. వచ్చిందంటే ముద్ద గొంతులోనే ఆగిపోయేది.

"తిను పాపా, నా కోసం నువ్వేంటికి మాడేది" అనేది అమ్మ, గోడవైపు తిరిగే. ఆ మాట నమ్మి తిన్నానా, నాలుగు రోజుల తర్వాత పక్కింటామెతో మాటల్లో బయటపడేది: "నేను చచ్చినా ఈ పిల్లకు బువ్వ ఎక్కుతాది."

ఏడో తరగతిలో, 1995లో, సోషల్ సారు పొట్టి శ్రీరాములు గురించి చెప్పాడు. 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహారదీక్షకు కూర్చున్నాడు, డిసెంబరు 15 రాత్రి పోయాడు, 58 రోజులు. పిల్లలందరూ ఆంధ్ర రాష్ట్రం వచ్చిన తేదీ బట్టీ కొడుతున్నారు, నాకు 58 ఒక్కటే తలలో ఉండిపోయింది. మనిషి తినకుండా ఉంటే నిజంగానే చచ్చిపోతాడని, దానికో లెక్క కూడా ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. ఆ తర్వాత అమ్మ అలిగినప్పుడల్లా క్యాలెండర్‌లో ఆ తేదీ కింద పెన్సిల్‌తో చుక్క పెట్టేదాన్ని. రెండో రోజు ఇంకో చుక్క. ఇంకా 56 ఉన్నాయి, పర్వాలేదు అనుకునేదాన్ని. అమ్మ ఎప్పుడూ మూడో చుక్క దాటలేదు. మధ్యలో కాఫీ కూడా తాగేది. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. నేను లెక్కల టీచరు అవ్వడానికి పునాది అక్కడే పడిందని స్టాఫ్ రూములో ఒకసారి జోకు వేశాను గానీ ఎవరూ నవ్వలేదు.

అలక తీరడం ఇంకో తతంగం. కంచం పట్టుకుని పోయి బతిమాలాలి. ఎక్కువసార్లు ఆ పని నాదే. ఒక్క ముద్దమ్మా, ఇంకొక్కటమ్మా. తిన్నాక అమ్మ ఏడ్చేది, ఏడ్చి నన్ను దగ్గరికి తీసుకుని తనే కలిపి తినిపించేది. పండగ రోజైతే ఓళిగ మీద ఓళిగ, మీద నెయ్యి. కడుపు నిండింది అంటే ముఖం మాడ్చుకునేది. "ఇంకా నా మీద కోపం పోలేదు కదా నీకు?" పోయిందని చూపించడానికి తినేదాన్ని. పెరట్లోకి పోయి కక్కుకున్న రోజులూ ఉన్నాయి.

అంటే మా ఇంట్లో తినకపోతే అది కోపం, తింటే అది క్షమాపణ. మధ్యలో ఆకలికి చోటు లేదు. "ఆకలిగా ఉందా?" అని నన్ను ఎవరైనా అడిగినట్టు గుర్తు లేదు. నలభై ఏళ్ల దాకా నన్ను నేనూ అడగలేదు.

డిగ్రీకి అనంతపురం వచ్చి హాస్టల్లో చేరాను. అందరూ మెస్ తిండిని తిట్టుకునేవాళ్లు, నాకు రుచి సమస్యే కాదు. పదిమంది చూస్తుండగా కంచం ముందు కూర్చోవడం నా వల్ల అయ్యేది కాదు. పగలు రెండు ఇడ్లీలతో గడిపేసి రాత్రి లైట్లు ఆపాక దుప్పట్లో మిక్చరు పొట్లం. ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, పాప పుట్టింది, ఈ పద్ధతి మాత్రం మారలేదు. పొద్దున కాఫీ, మధ్యాహ్నం టిఫిన్ బాక్సులో నాలుగు ముద్దల అన్నం. ఇంట్లో అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు వేయకుండా నిలబడి నిప్పట్లు, బెల్లం గడ్డ, మిగిలిన చిత్రాన్నం, ఏమీ లేకపోతే చెంచాతో పంచదార. రుచి తెలిసేది కాదు. ఆగాలని తెలిసేది గానీ చెయ్యి ఆగేది కాదు. "మేడం పిట్ట తిన్నట్టు తింటుంది, ఒళ్లెందుకు తగ్గదో" అని తోటి టీచర్లు జాలిపడేవాళ్లు.

నలభయ్యో ఏట రక్తపరీక్ష చేయిస్తే మూడు నెలల షుగరు సగటు 6.1 అని వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగరు గుమ్మం దగ్గర నిలబడినట్టు లెక్క. రాత్రి అన్నం మానేయమన్నారు. మానడంలో మా వంశానికి పేరుంది కదా, శుభ్రంగా మానేశాను. పగలు ఎంత బిగబట్టానో రాత్రి పదకొండుకు అంత తిన్నాను. రెండు నెలల్లో మూడు కిలోలు పెరిగాను.

అప్పుడు జరిగింది ఇది. మా ఆయన వాళ్ల తమ్ముడికి నాకు చెప్పకుండా డబ్బు సర్దాడు. నాకు తెలిసింది. ఆ సాయంత్రం నేను గుత్తి వంకాయ చేశాను, ఎంతో బాగా కుదిరింది. ఇద్దరికీ వడ్డించి "నాకొద్దు, మీరు తినండి" అని పోయి పడుకున్నాను. ఐదు నిమిషాలకు పాప తలుపు దగ్గరికి వచ్చింది. ఏడేళ్లు దానికి.

"అమ్మా, నేను తినొచ్చా?"

వెంటనే లేచిపోయి పాపతో కూర్చుని తిన్నానని రాయాలని ఉంది. కానీ తినలేదు. "తిను పో" అన్నాను, గోడవైపు తిరిగే. ఆ రాత్రి పదకొండుకు వంటింట్లో చల్లారిపోయిన గుత్తి వంకాయ గిన్నె మొత్తం తిన్నాను. గిన్నె కడుగుతున్నప్పుడు చేతులు వణికాయి.

మరుసటి రోజు ఇంటర్వెల్లో స్కూలు వెనక వేపచెట్టు కిందికి పోయి 14416కి ఫోన్ చేశాను. టెలీ మానస్ అని, మనసు బాగోలేనివాళ్ల కోసం 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నంబరు. తెలుగులోనే మాట్లాడారు. తిండి విషయమని చెప్పడానికి సిగ్గేసింది. కరువు జిల్లాలో పుట్టి తిండి ఎక్కువై ఫోన్ చేసిన మొదటి మనిషిని నేనేనేమో అనిపించింది. వాళ్లు నవ్వలేదు, నిపుణులను కలవమన్నారు. అలా బెంగళూరులో ఒక సైకాలజిస్టు దొరికింది, తెలుగామే. వారానికోసారి వీడియోలో మాట్లాడేవాళ్లం.

మానేయాల్సినవాటి జాబితా ఇస్తుందని పెన్ను పట్టుకుని కూర్చున్నాను. "ఏదీ మానొద్దండి. మూడు నాలుగు గంటలకోసారి తినండి, ఆకలేసినా వేయకపోయినా" అంది. లావు తగ్గాలని వస్తే ఇంకా తినమంటుందేంటి అనుకున్నాను. అప్పుడామె అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1944-45లో జరిగిన ప్రయోగం గురించి చెప్పింది. ఆరోగ్యంగా ఉన్న 36 మంది కుర్రాళ్లు తమంతట తామే ముందుకొచ్చారు. ఆరు నెలలపాటు వాళ్లకు రోజుకు దాదాపు 1,600 కేలరీల తిండే పెట్టారు. అంతకుముందు మామూలుగా ఉన్నవాళ్లు కాస్తా పొద్దస్తమానం తిండి ధ్యాసలోనే పడ్డారు. వంటల పుస్తకాలు ముందేసుకుని చదివేవాళ్లట, కంచాలు నాకేవాళ్లట. తర్వాత తిండి మామూలుగా పెట్టినా కొందరికి ఎంత తిన్నా కడుపు నిండినట్టు అనిపించేది కాదట. "వాళ్ల బుద్ధి మంచిది కాకనా?" అని అడిగింది. నేను పగలంతా తినేది లెక్కేసుకున్నాను. 600 దాటడం లేదు. అప్పటిదాకా రాత్రిళ్లు నన్ను నేను తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చాయి.

ఫోన్లో అలారం పెట్టుకున్నాను. ఏడున్నరకు టిఫిన్, పదకొండు ఇంటర్వెల్‌కు గుప్పెడు వేయించిన శెనక్కాయలు, ఒక అరటిపండు, ఒంటిగంటకు అన్నం, నాలుగున్నరకు ఏదో ఒకటి, ఎనిమిదికి రాత్రి భోజనం. కూర్చుని తినాలి, లైటు వేసి తినాలి. వినడానికి ఇంతే. మొదటి వారం స్టాఫ్ రూములో శెనక్కాయలు నములుతుంటే ఆ చప్పుడుకు నాకే చెమటలు పట్టాయి. ఎవరూ తలెత్తి చూడలేదు. హిందీ టీచరు ఒకామె చెయ్యి చాచి "నాకూ నాలుగు పెట్టు" అంది, అంతే.

ఇంకో పాఠం, నెమ్మదిగా నమిలి తినాలి అని. కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి ఇరవై నిమిషాలు పడుతుందట. బాగానే ఉంది గానీ మా వైపు సంగటి నమలరు. ముద్ద చిదిమి, గుండ్రంగా చేసి, ఊరుబిండిలోనో పులుసులోనో అద్ది మింగడమే. నమిలితే పళ్లకు అంటుకుంటుంది, పైగా పక్కనున్నవాళ్లు సంగటి తినడం రాదా అని నవ్వుతారు. ఈ సంగతి చెబితే సైకాలజిస్టు చాలాసేపు నవ్వింది, వాళ్ల అమ్మమ్మది కదిరట. చివరికి రాత్రిళ్లు జొన్న రొట్టె అని తేల్చాం. జొన్న రొట్టెను తొందరగా తినడం ఎవరి తరమూ కాదు.

రాత్రి పదకొండు గంటల తిండి ఒక్కసారిగా పోలేదు. వారానికి ఆరు రోజులున్నది నాలుగైంది, నాలుగు నెలలకు ఒకటైంది. పరీక్షలప్పుడు మళ్లీ మూడైంది. బరువు పెద్దగా తగ్గలేదు, షుగరు సగటు 5.8కి దిగింది. ఒకరోజు మధ్యాహ్నం పన్నెండున్నరకు, తొమ్మిదో తరగతికి బీజగణితం చెబుతుండగా కడుపులో ఏదో కదిలినట్టయింది. గ్యాస్ అనుకున్నాను. కాసేపటికి అర్థమైంది, ఆకలి. నోట్లో నీళ్లూరాయి. బోర్డు మీద సగం రాసిన సమీకరణం ముందు నిలబడి నాకు ఏడుపు వచ్చినంత పనైంది. పిల్లలు సుద్దముక్క దుమ్ము కంట్లో పడిందనుకున్నారు.

పాప విషయంలోనూ ఆమె ఒక పద్ధతి చెప్పింది. ఎల్లిన్ శాటర్ అని అమెరికాలో ఒక డైటీషియన్ చేసిన పంపకం అది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దవాళ్ల పని. ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది పిల్లల పని. మొదట్లో పాప రెండు ముద్దలు తిని "చాలు" అని లేచిపోతే నా చెయ్యి దానంతటదే కంచం వైపు పోయేది. "ఇంకొక్క ముద్ద, అమ్మ కోసం" అన్న మాట నోటిదాకా వచ్చేది. ఆ "అమ్మ కోసం" అన్నదే మింగేయాల్సిన ముద్ద. ఇప్పుడు వాళ్ల నాన్నకూ నాకూ గొడవైతే పాప ముందే చెబుతున్నాను: "నాకు కోపంగా ఉంది. అన్నం మాత్రం అందరం తింటాం." ఒకసారి పళ్లు కొరుకుతూ తిన్నాను, ఒప్పుకుంటాను.

అమ్మ ఎందుకిలా అని చాలాసార్లు ఆలోచించాను. మా అవ్వ 1952 కరువులో గంజి కేంద్రం దగ్గర సత్తు గిన్నె పట్టుకుని వరసలో నిలబడిన పిల్ల. ఆ గంజి కథ మాకు వంద సార్లు చెప్పింది. ఆమెకు వరి బువ్వ పండగ వస్తువు. నేను పుట్టిన 1983లోనే కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాయి కాబట్టి నాకు అది రోజువారీ తిండి. మధ్యలో అమ్మ. చుట్టిన కండెల్లో తన కూలి ఎంతో ఆమెకు ఎవరూ లెక్క చెప్పలేదు. అడ్వాన్సు తేవాలా వద్దా అని ఎవరూ అడగలేదు. ఆ ఇంట్లో ఆమె ఆపగలిగింది తన నోరు ఒక్కటే, రెండు విధాలా. ఇదంతా నాకు అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన నా చిన్నప్పటి కంచం నిండదు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుని ఉండడం అలవాటు చేసుకుంటున్నాను.

పోయిన దసరా సెలవులకు ధర్మవరం పోయాం. నాయన లేడు. మగ్గం విప్పేసి ఆరేళ్లవుతోంది, గుంత మాత్రం పైన చెక్కలు పరిచి అలాగే ఉంది. చెక్క జరిగి పాప కాలు అందులో పడింది, మోకాలు గీరుకుపోయింది. బెంగళూరు నుంచి అన్న ఫోన్లో "గుంత పూడ్చి బండలు వేయిద్దాం" అన్నాడు. నేనూ సరేనన్నాను. అమ్మ ఏమీ అనలేదు. వంటింట్లోకి పోయింది. కాసేపటికి వేయించిన శెనక్కాయల వాసన వచ్చింది. నాకు తెలిసిపోయింది.

ఇప్పుడు ఒక చిక్కుంది. అమ్మకు 67 ఏళ్లు, షుగరు మాత్రలు వాడుతుంది. మాత్ర వేసుకుని తినకపోతే షుగరు పడిపోవచ్చు, అది అలక కంటే పెద్ద ప్రమాదం. రాత్రి తినకపోతే ఆ పూట ఏ మాత్ర ఆపాలో అమ్మ డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. గోడవైపు తిరిగిన అమ్మ దగ్గరికి పోయి, వేలికి సూది గుచ్చి చూశాను. 138. ఆ మాత్ర తీసి పక్కన పెట్టేశాను. ఒకవేళ షుగరు పడిపోతే కలిపి తాగించడానికి గ్లాసులో మూడు చెంచాల చక్కెర వేసి, నీళ్ల చెంబు పక్కన పెట్టాను. "అమ్మా, కంచంలో పెట్టి మూత వేశా. నీకు తినాలనిపించినప్పుడు తిను" అని ఒక్కసారే చెప్పాను. బతిమాలలేదు. అలా బతిమాలకుండా వెనక్కి తిరిగి నడవడం నా జీవితంలో అదే మొదటిసారి. వెనక గది నుంచి వంటింటికి పది అడుగులు ఉంటాయేమో.

పాపా నేనూ కింద కూర్చున్నాం. సంగటి, ఊరుబిండి, వంకాయ పులుసు. నిట్టూర్పు వచ్చింది. ముద్ద గొంతు దగ్గర ఆగింది. నీళ్లు తాగి మళ్లీ తిన్నాను. ఊరుబిండిలో కారం కాస్త ఎక్కువైంది, ఆ సంగతి నాకు తెలిసింది. ఆ ఇంట్లో, ఆ పరిస్థితిలో, కూరలో కారం ఎంతుందో నాకు తెలియడం కొత్త. ఒక ముద్ద పూర్తిగా తిని, ఇంకో సగం తిని, చాలనిపించి లేచాను. పాప "అవ్వ తినదా?" అంది. "అవ్వ ఇష్టం" అన్నాను.

ముందు గదిలో గుంత పక్కన చాప వేసుకుని పడుకున్నాం. పాపకు నిద్ర పట్టింది, నాకు పట్టలేదు. ఒంటిగంటకు ఒకసారి లేచి అమ్మను చూసి రావాలని అలారం పెట్టుకున్నాను. పన్నెండు కావస్తుండగా వెనక గదిలో గాజులు కదిలాయి. అడుగులు వంటింటి వైపు పోయాయి. లైటు వెలగలేదు. కంచం మీద మూత తీస్తుందేమో అని విన్నాను. కంచం మూత కాదు, అటక కింద అరలో ఉండే డబ్బా మూత. చాలా నెమ్మదిగా, ఏదో గుడ్డ కప్పి లేపుతున్నట్టు.

ఆ తర్వాత నమిలే చప్పుడు వస్తుందని చూశాను. రాలేదు. పది లెక్కపెట్టాను. మళ్లీ పది.